పన్నెండు ముక్కల మాట

మొన్న చిక్కడపల్లిలో బ్లౌజులు కుట్టడానికి ఇద్దామని టైలర్ దగ్గరికి వెళ్లాను. ఆయన మిషన్‌ను పక్కకు ఒరిగించి, చిన్న ప్లాస్టిక్ డబ్బాతో సందుల్లోకి నూనె చుక్కలు వదులుతున్నాడు. ఆ వాసన తగలగానే నేను ఎందుకొచ్చానో మర్చిపోయాను.

మా టైపు ఇన్‌స్టిట్యూట్ వాసన అదే. పొద్దున ఆరు గంటల బ్యాచ్‌కి వెళ్తుంటే సగం మెట్లెక్కేసరికి ఈ నూనె వాసన ఎదురొచ్చేది. దాని వెనకే రిబ్బన్ సిరా, కార్బన్ పేపర్. ఇంకా తెల్లారని చీకట్లో, ట్యూబ్‌లైట్ కింద, గుడ్డ కప్పుకుని వరసగా కూర్చున్న మిషన్లు.

"అమ్మా, లైనింగ్ వెయ్యాల్నా?" అని టైలర్ రెండోసారి అడిగితే గానీ ఈ లోకంలోకి రాలేదు.

---

మాది సూర్యాపేట దగ్గర పల్లె. చదువంతా తెలుగు మీడియం. ఇంటర్ అయ్యాక మా మేనమామ వచ్చి, "బావా, పిల్లను నా దగ్గర పెట్టు. టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటే యాడనన్న నౌకరి దొరుకుతది" అని నాయినకు చెప్పి నన్ను పట్నం తీసుకొచ్చాడు. అత్తమ్మ పొద్దున అయిదింటికే లేపి చాయ్ ఇచ్చి పంపేది.

ఇన్‌స్టిట్యూట్ కిరాణా కొట్టు మీది మేడ. పద్నాలుగు మిషన్లు, కొన్ని రెమింగ్టన్, కొన్ని గోద్రెజ్. కొత్తవాళ్లకు పాతవి, పరీక్షకు కూర్చునేవాళ్లకు మంచివి. మొదటి నెల ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె తప్ప ఇంకోటి లేదు. చిటికెన వేళ్లు రాత్రి నిద్రలో కూడా నొప్పి పెట్టేవి. కానీ పద్నాలుగు మిషన్లు ఒక్కసారి మొదలైతే పెంకుల మీద వడగళ్లు పడ్డట్టుండేది. ఆ వానలో ఎక్కడో ఒక చోట టింగ్ అని గంట. వరుస చివరికి వచ్చింది, చూసుకో అని. తర్వాత సర్రున క్యారేజ్ వెనక్కి. ఆ శబ్దం ఇప్పటి పిల్లలకు ఎలా చెప్పాలో నాకు తెలియదు.

సార్ గురించి చెప్పాలి. తెల్ల చొక్కా, జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు, రెండూ రెండు వైపులా చెక్కినవి. డిక్టేషన్ మధ్యలో మొన విరిగితే తిప్పి పట్టుకోవాలి, అంతేగాని చెక్కుకుంటూ కూర్చోకూడదు అనేవారు. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. ఉస్మానియా యూనివర్సిటీలోనే చదువు ఉర్దూలో చెప్పిన రోజులవి. పోలీస్ చర్య తర్వాత దఫ్తర్లలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చి కూర్చుంటే, మీసాలు వచ్చిన వయసులో మళ్లీ ఏ బి సి డి దగ్గర నుంచి నేర్చుకున్నారు. సెక్రటేరియట్‌లో స్టెనోగా రిటైరై ఈ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

---

గోడకు ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద రోజూ ఒక పొడుగు ఇంగ్లీషు మాట. మిషన్ల గుడ్డలు తీయకముందే ఆ మాటను ముక్కలు చేయాలి. ఆ పనిని సార్ తక్తీ అనేవారు.

నేను మొదట తఖ్తీ అనుకున్నాను, పలక అని. అది కాదు. ఉర్దూ కవిత్వంలో ఒక్కో చరణాన్ని కోసి, బరువు సరిపోయిందో లేదో చూడటాన్ని తక్తీ అంటారట. సార్ ముషాయిరాలకు వెళ్లే మనిషి. మాటను చూడగానే కొయ్యాలనిపించేది ఆయనకు.

"మనకూ ఉంది సార్, గణ విభజన అంటారు" అన్నాను ఒకరోజు. ఆయన చాక్‌పీస్ పక్కన పెట్టి, "ఏదీ, చెప్పు బిడ్డా" అన్నారు. యమాతారాజభానసలగం చెప్పాను. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు ఉంటాయని, మొత్తం ఇరవై అక్షరాలని చెప్పాను. ఆ మాట చెప్పమని నన్నడిగిన మొదటి మనిషి ఆయన. పట్నం వచ్చాక నా తెలుగు మీడియం చదువుకు విలువ కనిపించింది ఆ ఒక్క మేడ మీదే.

తక్తీలో మొదటి పాఠం, మాట పొడుగు చూసి భయపడొద్దని. బల్ల మీద ఒకపక్క స్ట్రెంగ్త్స్ అని రాశారు, ఇంకోపక్క ఏరియా. మొదటిదానికి ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు, రెండోదానికి నాలుగే. "ఏది పెద్దది?" అంటే అందరం మొదటిదే అన్నాం. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పలకమన్నారు. స్ట్రెంగ్త్స్‌కి దవడ ఒక్కసారే దిగింది. ఏరియాకి మూడుసార్లు. "కంటికి కాదు బిడ్డా, దవడకు అడుగు. అచ్చు ఉన్నచోటనే నోరు తెరుచుకుంటది. నోరు ఎన్నిసార్లు తెరిస్తే అన్ని ముక్కలు."

మన నోటికి ఒక అలవాటుందని కూడా ఆయనే చూపించారు. తెలుగు మాట అచ్చుతో ముగియాలనుకుంటుంది. అందుకే ఇంగ్లీషులో ఒక్క ముక్కగా ఉన్న బస్ మన దగ్గరికి వచ్చి బస్సు అని రెండు ముక్కలైంది. బ్యాంక్ బ్యాంకు అయింది, రోడ్ రోడ్డు అయింది. మా ఊళ్లో స్కూల్‌ను ఇస్కూలు అనేవాళ్లు, పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్లూ ఇస్కూల్ అనేవాళ్లే. "ఇది తప్పని ఎవరన్నా అంటే నవ్వుకో. ఇంటికొచ్చిన చుట్టానికి మన కంచంలో పెట్టినట్టు. కాని వాళ్లింటికి పోయినప్పుడు వాళ్ల కంచంలో తినాలె" అనేవారు.

---

ఆ వాళ్లింటికి వెళ్లిన రోజు ఒకటుంది.

టైపులో మొదటి మెట్టు పరీక్ష, లోయర్, పాసయ్యాక ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి పిలిచారు. టైపు బాగానే కొట్టాను. తర్వాత ఒక పేరా చదవమన్నారు. అందులో డెవలప్‌మెంట్ అనే మాట నాలుగుసార్లు వచ్చింది. నేను మనం పలికినట్టే, మొదటి అక్షరం మీద బలం పెట్టి చదివాను. బల్ల అవతల ఉన్నాయన రెండోసారికి నవ్వాడు. మూడోసారికి నాలాగే పలికి పక్కాయనకు వినిపించాడు. నాలుగోసారి ఆ మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది. బస్‌లో చిక్కడపల్లి దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ లేరు. సార్ కార్బన్ పేపర్లు సర్దుతున్నారు. విషయం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత టేబుల్ మీద వేలి కణుపుతో కొట్టారు. చిన్నగా ఒకటి, గట్టిగా ఒకటి, మళ్లీ చిన్నగా రెండు.

"డి, వె, లప్, మెంట్. రెండోదాని మీద పడాలె దరువు. నీ చెవి తప్పు కాదు బిడ్డా. దానికి నేర్పిన తాళం వేరు."

ఆ సాయంత్రం ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ ఒక్కో వాక్యం గుర్తుంది. తెలుగులో బరువు అంటే ఎంతసేపు పలికామన్నదే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఏ అక్షరం మీద గొంతు పెంచినా మాట మారదు. ఇంగ్లీషులో అలా కాదు. ప్రతి పొడుగు మాటలో ఒక అక్షరం పెద్దమనిషి. దరువు దాని మీద. మిగతా అచ్చులు దాని ముందు నలిగిపోయి, అ కీ ఎ కీ మధ్య ఎక్కడో సన్నగా వినపడతాయి. మనం అన్ని అచ్చులనూ నిండుగా పలుకుతాం కాబట్టి వాళ్లకు ఏది పెద్దమనిషో తెలియదు. దరువు చోటు మారితే మాటే మారిపోయేవీ ఉన్నాయి. రికార్డ్ మొదటిదాని మీద కొడితే వస్తువు, రెండోదాని మీద కొడితే పని. పర్మిట్ కూడా అంతే.

"మరి ఎక్కడ పడుతుందో ఎట్లా తెలుస్తది సార్?"

"నీ గురులఘువులు నీకు వస్తయి గద, ఎజెండా అనే మాట తీస్కో" అన్నారు. వెనక నుంచి రెండో అక్షరం చూడమన్నారు. జెం. సున్నా ఉంది, గురువు. దరువు అక్కడే. పొటాటో, టా దీర్ఘం, గురువు, అక్కడే. ఇప్పుడు సినిమా. వెనక నుంచి రెండోది ని, లఘువు. అప్పుడు ఇంకో అడుగు వెనక్కి వెళ్లాలి, సి మీద. అమెరికాలో రి లఘువు, అందుకని మె మీద. ఇది లాటిన్ భాషలోని సూత్రమట. లాటిన్ మాటలతో పాటు ఇంగ్లీషులోకి కొంత వచ్చింది. అన్నిచోట్లా పనిచేయదు. క్యారెక్టర్‌లో మధ్య అక్షరం బరువైనదే అయినా దరువు మొదటిదాని మీద పడుతుంది. అయినా నాకు ఆ క్షణంలో కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. తొమ్మిదో తరగతిలో మా తెలుగు సార్ బెత్తం పట్టుకుని చెప్పిన సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అన్న ముక్క, ఇంగ్లీషు మాటకు తాళంచెవిలా తిరిగింది.

---

తర్వాత వచ్చినవి తోకలు. ప్రత్యయాలను సార్ తోకలనేవారు. కొన్ని తోకలు బుద్ధిగా వెనక కూర్చుంటాయి. మెంట్, నెస్, ఫుల్, లెస్, ఇంగ్. ఇవి వచ్చినా దరువు కదలదు. డెవలప్ మీద ఎక్కడుందో డెవలప్‌మెంట్ మీదా అక్కడే. కొన్ని తోకలు దరువును తమ ముందుకు లాక్కుంటాయి. షన్, ఇక్, ఇటీ. రెస్పాన్సిబుల్‌లో పాన్ మీద ఉన్న దరువు, రెస్పాన్సిబిలిటీ అనేసరికి బి మీదికి జరిగిపోతుంది. ఎలక్ట్రిక్‌లో లెక్ మీద, ఎలక్ట్రిసిటీలో ట్రి మీద.

ఆయనకు ఇష్టమైన మాట ఫొటోగ్రాఫ్. గ్రీకులో వెలుగు, రాత అనే రెండు మాటలు కలిసింది. ఫొటోగ్రాఫ్ అంటే దరువు ఫో మీద. ఫొటోగ్రాఫర్ అంటే టా మీద. ఫొటోగ్రాఫిక్ అంటే గ్రా మీద. ఆ మూడూ మాతో వరసగా అనిపిస్తూ టేబుల్ మీద కొట్టేవారు. మొదటి ఫో నిండుగా, రెండోదాంట్లో అదే ఫో నలిగి ఫ అయిపోయి. ఎముకలు అవే, దరువు మాత్రం ఒక్కో మాటకు ఒక్కో చోట. బోనాలప్పుడు గల్లీలో డప్పు వాళ్లు దరువు మార్చగానే ఆడేవాళ్ల అడుగు మారినట్టు ఉండేది నాకు.

షార్ట్‌హ్యాండ్‌లో కూర్చున్నాక ఇదంతా చేతిలోకి వచ్చింది. ఐజాక్ పిట్‌మన్ 1837లో తెచ్చిన ఆ రాతలో స్పెల్లింగుకు చోటు లేదు, వినపడిందే రాయాలి. ప కి సన్నగీత, బ కి అదే గీత లావుగా. షన్ అనే తోకకు ఒక పెద్ద కొక్కెం. కాన్, కామ్ అని మొదలైతే ముందు ఒక చుక్క. ఇంగ్ అని ముగిస్తే చివర ఒక చుక్క. అంటే మాట చెవిలో పడుతుండగానే తల, మొండెం, తోక విడిపోవాలి. లోయర్‌కి నిమిషానికి 80 మాటలు, హయ్యర్‌కి 120. ఆ వేగంలో ఆలోచించడానికి టైమ్ ఉండదు. నల్లబల్ల మీద కోసిన మాటలే గీతలై దిగేవి.

---

నల్లబల్ల నిండా ఒకే మాట రాసిన రోజు ఒకటుంది. ఆ చివర నుంచి ఈ చివరకు. ఆంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం. 28 ఇంగ్లీషు అక్షరాలు. వెనక బెంచీలో ఎవరో "యా అల్లా" అన్నారు.

సార్ మూడు చాక్‌పీసులు తీశారు. మూడు గాట్లు వేయాలి, మూడూ వేరు. తెల్లది చెవి గాటు, పసుపుది అర్థం గాటు, ఎర్రది కాగితం గాటు.

చెవి గాటు వేసింది నేనే. ఆన్, టి, డిస్, ఎస్, టాబ్, లిష్, మెన్, టే, రి, అ, ని, జమ్. పన్నెండు. పెద్ద దరువు ఎనిమిదోదాని మీద, టే. ఆన్ మీద, టాబ్ మీద చిన్న దరువులు.

అర్థం గాట్లు ఆరు ముక్కలుగా పడ్డాయి. ఆంటీ, డిస్, ఎస్టాబ్లిష్, మెంట్, ఏరియన్, ఇజం. దాని కథ కూడా చెప్పారు. బ్రిటన్‌లో 19వ శతాబ్దంలో చర్చికి, ప్రభుత్వానికి ఉన్న ముడి తెంచాలా వద్దా అని పెద్ద గొడవ. ప్రభుత్వ మతంగా నిలబెట్టింది ఎస్టాబ్లిష్‌మెంట్. ఆ హోదా తీసేయడం డిస్‌ఎస్టాబ్లిష్‌మెంట్. తీయొద్దని అడ్డం నిలబడినవాళ్ల వాదం ఈ మాట. ఐర్లండ్‌లో 1869 చట్టంతో ఆ ముడి తెగింది, వేల్స్‌లో 1920లో. ఇంగ్లండ్‌లో తెగలేదు.

అప్పుడు వచ్చింది చిక్కు. మెంట్ దగ్గర తెల్ల గాటు ఒకచోట, పసుపు గాటు ఇంకోచోట పడ్డాయి. చెవికి ట్ అవతలికి పోయి టే అయింది. అర్థానికి అది మెంట్ దగ్గరే ఉండాలి. "ఈ ట ఎవరిదయ్యా?" అని సార్ బ్యాచ్ మొత్తాన్ని అడిగారు. కాన్వెంటులో చదివిన పిల్లలు కూడా ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

"సంధి సార్" అన్నాను. రాముడు, అతడు కలిస్తే రాముడతడు అయినట్టు. డ పలికేటప్పుడు అతడితో వెళ్తుంది, విడదీస్తే రాముడి దగ్గరికి వస్తుంది. తెలుగు లిపిలో రాస్తే టే అని ఒక్క అక్షరమే అవుతుంది కాబట్టి మనకు చెవి గాటు కంటికే కనిపిస్తుంది. సార్ పసుపు చాక్‌పీస్ నా చేతిలో పెట్టి, "ఇయ్యాల క్లాస్ నువ్వే చెప్పు" అని వెళ్లి స్టూల్ మీద కూర్చున్నారు. ఆ చాక్‌పీస్ ముక్క చాలా ఏళ్లు నా పెట్టెలో ఉంది.

కాగితం గాటు టైపిస్టు గాటు. గంట మోగాక వరుసలో కొన్ని దెబ్బలే మిగులుతాయి. మాట పట్టకపోతే అడ్డగీత పెట్టి కింద వరుసకు దింపాలి. ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలకూడదు. ఒక్క ముక్క మాటను ఎంత పొడుగున్నా కొయ్యకూడదు. మనిషి పేరు కొయ్యకూడదు. నాలెడ్జ్ అనే మాటను బ్రిటిష్ పుస్తకాలు ఎల్‌కి ముందు కోస్తాయి, అమెరికా పుస్తకాలు ఎల్ తర్వాత కోస్తాయి. వాళ్లు ఎక్కువగా మాట పుట్టుక చూస్తారు, వీళ్లు నోరు చూస్తారు. పరీక్షలో ఏదో ఒకటే పాటించు, రెండూ కలపకు అనేవారు సార్.

---

హయ్యర్ అయ్యాక ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో డేనియల్ జోన్స్ ఉచ్చారణ నిఘంటువు దొరికింది. 1917లో మొదటిసారి వచ్చిన పుస్తకం, నాకు దొరికింది చాలా తర్వాతి ముద్రణ. అట్ట లేదు, బేరమాడి కొన్నాను. అందులో దరువుకు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. ఆ గీత తనకు ముందున్న అక్షరానిది అనుకుని వారం రోజులు అన్నీ ఒకటి ముందే కొట్టుకున్నాను. సార్ విని, "గీత తర్వాతిది, బిడ్డా. కొన్ని అమెరికా డిక్షనరీల్ల వెనక పెడతరు, దీంట్ల ముందు పెడతరు" అన్నారు. వారం శ్రమ పోయిందని నేను బాధపడుతుంటే, తప్పు దరువులు గట్టిగా నేర్చుకున్నావు కాబట్టి ఒప్పువి అంత గట్టిగానే నిలబడతాయని చెప్పారు. నిలబడ్డాయి.

ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్లు గడిచాయి. చాలా డిక్టేషన్లు, చాలామంది ఆఫీసర్లు. వాటిలో చెప్పుకోవాల్సింది ఒక్కటి. మా సెక్షన్‌కి పల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మీటింగులో ఇంగ్లీషు రిపోర్టు చదవాల్సి వచ్చి ముందురోజు టెన్షన్‌తో అన్నం తినలేదు. "మేడమ్, రేపు సెలవు పెట్టమంటారా" అన్నాడు. సాయంత్రం ఆ నాలుగు పేజీలు తీసుకుని, పొడుగు మాటలన్నింటికీ కింద పెన్సిల్‌తో గాట్లు పెట్టి, దరువున్న అక్షరం కింద చిన్న సున్నా చుట్టాను. బల్ల మీద వేళ్లతో కొడుతూ ఇద్దరం రాత్రి ఎనిమిది దాకా చదివాం. మర్నాడు అతను చదువుతుంటే ఎడమ చెయ్యి బల్ల కింద కదులుతూనే ఉంది.

కంప్యూటర్లు వచ్చాక గంట పోయింది. మాట పట్టకపోతే దానంతటదే కిందికి దిగుతుంది, కోసే పని మనిషికి లేదు. మాదాపూర్‌లో పనిచేసే మా అబ్బాయి ఇంటర్నేషనలైజేషన్ అన్న మాటను ఐ18ఎన్ అని రాస్తాడు. మొదటి అక్షరానికి, చివరి అక్షరానికి మధ్య 18 ఉన్నాయి కాబట్టి అంకె పెట్టేశారట. సార్ చూసి ఉంటే తప్పకుండా ఏదో అనేవారు. ఏమనేవారో ఊహించబోతే గొంతు మాత్రం వినిపిస్తుంది, మాటలు రావు. ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నేను అప్పుడు వేరే ఊరికి బదిలీ మీద ఉన్నాను. వచ్చి చూసేసరికి మేడ మీద కొరియర్ ఆఫీసు.

---

టైలర్ నూనె వేయడం అయ్యాక ఒక పనికిరాని గుడ్డముక్క సూది కింద పెట్టి గడగడా తొక్కాడు. ఎక్కువైన నూనె ఆ ముక్కకు అంటుకోవాలని, లేకపోతే మన బట్ట మీద మరక పడుతుందని.

సార్ కూడా ఇదే చేయించేవారు. ఆదివారం మిషన్లకు నూనె. ముందు పాత బ్రష్షుతో, పిన్నుతో ఇ, ఓ, ఎ అక్షరాల కడుపుల్లో పేరుకున్న సిరా తీయాలి. తర్వాత చుక్క చుక్కగా నూనె. తర్వాత ఒక చిత్తు కాగితం ఎక్కించి మరకలు పోయేదాకా ఏదో ఒకటి కొట్టాలి. అందరూ తమ పేరు కొట్టుకునేవాళ్లు. నేను మాత్రం ఆ 28 అక్షరాల మాటే కొట్టేదాన్ని. మాటకు 28 దెబ్బలు, ఖాళీకి ఒకటి. టైపు లెక్కలో అయిదు దెబ్బలు ఒక మాట కాబట్టి ఆ ఒక్కటే దాదాపు ఆరు మాటలు. వరుసకు 65 దెబ్బలు పెట్టుకునేదాన్ని. రెండుసార్లు కొట్టేసరికి 58 అయిపోయి టింగ్ అని గంట. ఇంకా ఏడే మిగిలేవి. ఆంటీ అని నాలుగు దెబ్బలు, ఒక అడ్డగీత, క్యారేజ్ వెనక్కి. అక్కడ తెల్ల గాటు, పసుపు గాటు, ఎర్ర గాటు మూడూ ఒక్కచోటే పడతాయి.